సీటీ రూములో నా గొంతు

హాస్పిటల్లో సీటీ స్కానులు తీసే పని నాది. మా సీటీ మిషన్‌లోంచి వినిపించే గొంతు కూడా నాదే. మిషన్ బిగించిన రోజుల్లో కంపెనీ వాళ్ళు పెట్టిన రికార్డింగు ఇంగ్లీషులో ఒకటి, హిందీలో ఒకటి ఉండేవి. మాచర్ల, వినుకొండ వైపు నుంచి వచ్చే పెద్దవాళ్ళు "సాంస్ రోకియే" అని వినపడగానే తలెత్తి "ఏందమ్మా అంటున్నావ్?" అని అడిగేవాళ్ళు. సరిగ్గా అప్పుడే స్కాను నడుస్తుండేది. ఇంకేముంది, బొమ్మలన్నీ చెదిరిపోయేవి. ఒక మధ్యాహ్నం పేషెంట్లు లేనప్పుడు తలుపేసుకుని తెలుగులో నేనే రికార్డు చేశాను. మొదటిసారి "శ్వాసను లోపలికి తీసుకుని నిలిపి ఉంచండి" అన్నాను. మా వార్డుబాయ్ విని "మేడమ్, దీనికన్నా హిందీనే నయం" అన్నాడు. రెండోసారి ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాను. "ఊపిరి పీల్చండి... బిగపట్టండి... కదలొద్దు... ఇంక వదిలేయండి." తొమ్మిదేళ్ళుగా అదే నడుస్తోంది.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో ఆ గొంతు మా అక్క విన్నది.

అక్కకి 46 ఏళ్ళు. సత్తెనపల్లిలో ఇంటి ముందు గదిలో బ్లౌజులు కుడుతుంది. నాలుగైదేళ్ళుగా మెట్లెక్కితే ఆయాసం. మొదట వయసన్నారు, తర్వాత లావన్నారు, ఆ తర్వాత రక్తం తక్కువన్నారు. ఐరన్ మాత్రలు మింగింది. థైరాయిడ్ చూపించుకుంది, బాగానే ఉంది. ఒకచోట ఆస్తమా అని ఇన్‌హేలర్ రాశారు. అది పీల్చినప్పుడల్లా గుండె దడదడలాడేది. మందు పనిచేస్తుందన్నమాట అనుకుని వాడుతూ పోయింది. హాస్పిటల్లో పనిచేసేదాన్ని, నాకెందుకు తట్టలేదు అని మీరడగొచ్చు. నేనూ అడుక్కున్నాను. ఫోన్ చేస్తే అక్క పిల్లల సంగతులు చెబుతుంది, వానల సంగతి చెబుతుంది, తన ఆయాసం సంగతి చెప్పదు. ఆ సంక్రాంతికి వెళ్ళినప్పుడు కళ్ళారా చూశాను. చుక్కలు పెట్టడం అయింది, గీతలు కలపడం సగమైంది. ముగ్గు గిన్నె కింద పెట్టేసి గడప మీద కూర్చుండిపోయింది. మిగతా సగం నేను కలిపాను, వంకరగా.

పండగయ్యాక గుంటూరు తీసుకొచ్చి మా దగ్గర గుండె డాక్టరుగారికి చూపించాను. ఎకో పరీక్షలో గుండె ఎడమవైపు బ్రహ్మాండంగా ఉంది, పంపింగు 60 శాతం. కుడివైపు గదులు రెండూ మాత్రం సాగి ఉన్నాయి. మధ్య గోడ నిండుగానే కనపడుతోంది. అక్క చేతిసంచిలోంచి రెండేళ్ళ కిందట ఇంకోచోట తీయించిన ఎకో కాయితం తీసింది. దాంట్లోనూ ఇదే మాట. కుడి గదులు కొంచెం పెద్దవి, ఊపిరితిత్తుల వైపు ఒత్తిడి కొంచెం ఎక్కువ, ఆర్నెల్ల తర్వాత మళ్ళీ చూద్దాం. ఆ ఆర్నెల్లు ఎప్పుడు వచ్చాయో ఎప్పుడు పోయాయో.

మా డాక్టరుగారు ప్రోబు పక్కన పెట్టి, "కుడివైపు ఊరికే పెద్దదవదమ్మా. ఎక్కణ్ణుంచో అదనంగా రక్తం వచ్చి పడుతోంది. అది ఎక్కడో నాకు కనపడట్లేదు" అన్నారు. నాకు కనపడట్లేదు అని చెప్పిన డాక్టరు మీద నాకు గౌరవం ఎక్కువ. కనపడలేదు కాబట్టి లేదు అనేవాళ్ళనీ చూశాను.

ఎకో గొప్పదే. నొప్పి లేదు, రేడియేషన్ లేదు, మంచం దగ్గరికే తీసుకెళ్ళొచ్చు, కవాటాలు కదలడం కళ్ళముందు చూపిస్తుంది. గుండె సంగతిలో మొదటి పరీక్ష ఎప్పుడూ అదే కావాలి. కానీ అది శబ్దంతో చూసేది. శబ్దం ఎముకని దాటలేదు, గాలిని దాటలేదు. పక్కటెముకల మధ్య సందుల్లోంచి, ఊపిరితిత్తులు అడ్డం లేని చోటు వెతుక్కుని లోపలికి తొంగి చూడాలి. చిన్నపిల్లల్లో అన్నీ కనపడతాయి. పెద్దవాళ్ళలో, అందులోనూ కాస్త ఒళ్ళున్నవాళ్ళలో, గుండెకి పైన వెనకమూల చీకటి. తల నుంచీ చేతుల నుంచీ చెడు రక్తం దించే పెద్ద సిర, మేం ఎస్.వి.సి. అంటాం, కుడి గదిలోకి దిగేది సరిగ్గా ఆ మూలలోనే.

పై రెండు గదుల మధ్య గోడలో పుట్టుకతో ఉండే రంధ్రాలు ఎక్కువ భాగం గోడ మధ్యలో ఉంటాయి. వాటిని ఎకో పట్టేస్తుంది. నూటికి అయిదు నుంచి పది మాత్రం పైన, ఎస్.వి.సి. దిగే గుమ్మం దగ్గర ఉంటాయి. సైనస్ వీనోసస్ రంధ్రం అంటారు. దానితో పాటు చాలాసార్లు కుడి ఊపిరితిత్తి నుంచి వచ్చే సిర ఒకటి, ఎడమ గదిలోకి పోవాల్సింది, దారి తప్పి ఎస్.వి.సి.లో కలుస్తుంది. గొంతులోంచి గొట్టం దింపి చేసే ఎకోలో ఇది బాగానే కనపడుతుంది. ఆ మాట అనగానే అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సీటీ చేద్దాం" అన్నారు డాక్టరుగారు, నా వైపు చూస్తూ.

ఇక్కడ నా పాత తప్పు ఒకటి చెప్పాలి. ఆరేళ్ళ కిందట ఇలాంటి కేసే వచ్చింది, నలభై దాటినాయన. గుండె సీటీ అంటే మాకు చేతులు వాటంతటవే నడుస్తాయి. గుండె రక్తనాళాల కోసమైతే గాలిగొట్టం రెండుగా చీలే చోటు దగ్గర మొదలుపెట్టి కింద డయాఫ్రం, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య పొర, దాకా చేస్తాం. రేడియేషన్ తగ్గాలి కాబట్టి పైకి ఒక్క సెంటీమీటరు కూడా ఎక్కువ పోం. ఆయనకీ అలాగే చేశాను, పరీక్ష దేనికని డాక్టరు కాయితం మీద రాశారో సరిగ్గా చదవకుండా. దారి తప్పిన సిర నేను మొదలుపెట్టిన చోటుకి పైన కలుస్తోంది. బొమ్మల్లో గుండె ఉంది, ప్రశ్నకి జవాబు లేదు. మా రేడియాలజిస్టు మేడమ్ ఒక్క మాటే అన్నారు: "టైలరు జాకెట్టు కుట్టి మెడ మర్చిపోయినట్టుంది." ఆయన్ని మళ్ళీ పిలిపించి మళ్ళీ మందు ఎక్కించి మళ్ళీ చేయాల్సొచ్చింది. అప్పట్నుంచి కాయితం మీద 'కుడి గదులు పెద్దవి' అని కనపడితే అయోర్టా, అంటే గుండె నుంచి ఒంటికి మంచి రక్తం తీసుకెళ్ళే పెద్ద గొట్టం, దాని వంపు పైనుంచి మొదలుపెడతాను.

రెండో సంగతి కాంట్రాస్ట్. చేతి నరంలోంచి ఎక్కించే అయోడిన్ మందు గుండెకి చేరేది ఎస్.వి.సి.లోంచే. అక్కడ మందు చిక్కగా ఉండిపోతే బొమ్మ మీద తెల్లటి చారలు కట్టి, మనం చూడాల్సిన గోడనే కప్పేస్తాయి. అందుకని మందు వెనకాలే సెలైన్ తోసి ఆ సిరని కడిగేయాలి. కడిగే సమయానికి మందు ఊపిరితిత్తులు దాటి ఎడమవైపుకి వచ్చేసి ఉండాలి. అప్పుడు ఎడమవైపు తెలుపు, ఎస్.వి.సి. బూడిద రంగు. తెల్లది బూడిదలోకి ఎక్కడ చొరబడుతుందో అక్కడే తేడా.

అక్కకి ఇంకో చిక్కు. గుండె వేగం 82. స్కాను సమయంలో 65 లోపు ఉంటే మాకు సుఖం, ఎందుకంటే రెండు కొట్టుకోళ్ళ మధ్య గుండె కాస్త విశ్రాంతిగా ఉండే ఆ లిప్తపాటులోనే బొమ్మ తీయాలి. మామూలుగా అయితే వేగం తగ్గించే మెటోప్రొలాల్ ఇస్తాం. ఆస్తమా ఉందని రాసి ఉన్నవాళ్ళకి అది ఇవ్వడానికి డాక్టర్లు వెనకాడతారు. లేని ఆస్తమా మా రూము దాకా వచ్చి అడ్డం నిలబడింది చూడండి. దానికి బదులు డాక్టరుగారు ఇవాబ్రడిన్ రాశారు. మాత్ర వేసి రెండు గంటలు వెయిటింగు హాల్లో కూర్చోబెట్టాను. పక్కనున్నావిడ జాకెట్టు చేతులు బిగుతుగా ఉన్నాయని వాటిని ఎలా విప్పి కుట్టాలో చెబుతూ కూర్చుంది అక్క. 68కి వచ్చింది. చాలు.

కుడి మోచేతి మడతలో మందు ఎక్కించే సూది గొట్టం, ఆకుపచ్చ క్యాన్యులా, 18 గేజిది, నేనే పెట్టాను. అక్క చెయ్యి పట్టుకుని సూది గుచ్చడం అదే మొదటిసారి. చిన్నప్పుడు నా కాల్లో ముల్లు విరిగితే పిన్నీసుతో తీసింది తనే, నేను ఏడుస్తుంటే నెత్తిన మొట్టికాయ వేసి మరీ. ఛాతీ మీద ఈసీజీ పట్టీలు అంటించి, చేతులు తలపైకి పెట్టించి చెప్పాను. "మందు వెళ్ళేటప్పుడు ఒళ్ళంతా వేడెక్కుతుంది. ఒంటేలు పోసుకున్నట్టు అనిపిస్తుంది. నిజంగా పోసుకోవు, భయపడకు." ఇది చెప్పకపోతే కొంతమంది సిగ్గుతో కదిలిపోతారు. ఆ ముక్క ఏ పుస్తకంలోనూ మొదటి పేజీలో ఉండదు, ఉండాల్సింది.

అద్దం ఇవతలికి వచ్చి ఊపిరి ప్రాక్టీసు పెట్టాను. స్పీకర్లోంచి నా గొంతు: "ఊపిరి పీల్చండి... బిగపట్టండి..."

బల్ల మీద అక్క కిసుక్కున నవ్వింది. పొట్ట అదురుతోంది. మానిటర్ మీద 68 కాస్తా 84.

"ఏమే, నన్ను అండీ అంటున్నావు, ఎప్పట్నుంచి?"

మైకు నొక్కి "అక్కా, నవ్వొద్దు, అది రికార్డింగు" అన్నాను. "రికార్డింగులో అయినా మర్యాద ఉంది" అంది. అయిదు నిమిషాలు ఆగాల్సొచ్చింది.

తర్వాతంతా క్షణాల పని. ఇంజెక్టరులో రెండు సిరంజిలు, ఒకదాంట్లో 70 మి.లీ. మందు, రెండోదాంట్లో 40 మి.లీ. సెలైన్. అయోర్టా మీద చిన్న గుండ్రం గీసి పెట్టుకుంటాం. మందు అక్కడికి చేరేకొద్దీ ఆ గుండ్రం లోపలి అంకె పెరుగుతుంది. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000, ఇదీ ఆ కొలత. దాని పేరు హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు. సీటీ కనిపెట్టిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరే. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ హాస్పిటల్లో మొదటి పేషెంటుకి స్కాను చేశారు, మెదడుకి. 1979లో ఆయనకీ అలన్ కోర్మాక్‌కీ కలిపి నోబెల్ ఇచ్చారు. ఆ మొదటి మిషన్‌కి ఒక్క ముక్క తీయడానికే నిమిషాలు పట్టేది. తల కాబట్టి కదలకుండా ఉంది. గుండె ఆగదు గదా. 2004 ప్రాంతంలో 64 స్లైసుల, అంటే ఒక్క చుట్టులో 64 ముక్కలు తీసే, మిషన్లు వచ్చాకే గుండె సీటీ అందరి వాడుకలోకి వచ్చింది. ఇప్పుడు మా మిషన్‌లో తిరిగే చక్రం, గాంట్రీ అంటాం, సెకనులో మూడోవంతుకి ఒక చుట్టు తిరుగుతుంది.

అంకె 120 దాటింది, ఇక తీయొచ్చు. ఊపిరి పీల్చండి. బిగపట్టండి. అక్క ఈసారి నవ్వలేదు.

బొమ్మలు వచ్చాయి. స్క్రీన్ మీద పేషెంటు కుడి మనకి ఎడమ. మధ్యలో పెద్ద గుండ్రం అయోర్టా, తెల్లగా. పక్కన చిన్న గుండ్రం ఎస్.వి.సి., బూడిదగా. రోలరు తిప్పుతూ పైనుంచి దిగాను. గుండ్రం. గుండ్రం. ఇంకో ముక్క దిగితే గుండ్రం కాదు. కుడి ఊపిరితిత్తి వైపు ఒక తోక పొడుచుకొచ్చి, పాతకాలపు తాళంకప్ప రంధ్రం ఆకారంలో ఉంది. ఆ తోకలోంచి తెల్లటి రక్తం బూడిద రంగులోకి వస్తోంది, బకెట్టు నీళ్ళలో నీలిమందు పోసిన కొత్తల్లో చార కట్టినట్టు. ఇంకో రెండు సెంటీమీటర్లు దిగాను. రెండు పై గదుల మధ్య, వెనకమూలన, గోడ ఉండాల్సిన చోట గోడ లేదు. 46 ఏళ్ళుగా లేదు.

మేం రిపోర్టు చెప్పకూడదు. చెప్పాల్సింది రేడియాలజిస్టు. నియమం మంచిదే, మాకు కనపడింది సగమే కావచ్చు. కానీ అందరికంటే ముందు చూసేది మేమే. ఈ ఉద్యోగంలో నేర్చుకునే మొదటి విద్య మొహం. ఏం కనపడ్డా మొహం పప్పులో ఉప్పు సరిపోయిందా అని చూస్తున్నట్టే ఉండాలి. పధ్నాలుగేళ్ళ సర్వీసులో అది బాగానే వచ్చిందనుకున్నాను.

క్యాన్యులా తీస్తుంటే "ఏమొచ్చింది?" అంది అక్క.

"మేడమ్ చూసి చెబుతారక్కా."

"నువ్వు చిన్నప్పుడు లెక్కల పేపరు దాచినప్పుడు కూడా ఇదే మొహం పెట్టావు."

దూది అదిమి పట్టుకోమని చెప్పి బయటికొచ్చేశాను.

గుండె సీటీ అంటే బ్లాకులు చూడ్డానికే అని జనం అనుకుంటారు. బ్లాకులకి వచ్చేవాళ్ళే ఎక్కువ, నిజమే. కానీ నాకు గుర్తుండిపోయినవి బ్లాకులు కావు. పిడుగురాళ్ళ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, కాళ్ళు వాచి, పొట్టలో నీరు చేరి. ఏడాది పాటు లివరుకి మందులు వాడాడట. కాంట్రాస్ట్ ఎక్కించకముందే, ఉత్తి స్కానులోనే తెలిసిపోయింది. గుండె చుట్టూ పగిలిన గుడ్డు పెంకులాగా తెల్లటి వలయం. గుండె మీద పొర మామూలుగా రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఈయనకి చోటుచోట ఆరు, గట్టిపడి, కాల్షియం పేరుకుని. గుండె సాగలేక రక్తం వెనక్కి నిలబడిపోతోంది. పడుచుతనంలో టీబీకి మందులు వాడి మధ్యలో ఆపేశాడు. మన దేశంలో ఈ జబ్బుకి పెద్ద కారణం టీబీయే. కాల్షియం అంటే ఏందమ్మా అని అడిగితే తెలుగులో చెప్పాలి గదా, సున్నం అన్నాను. ఆయన నలభై ఏళ్ళు సున్నపు బట్టీలో చేశాడు. "అయితే నా బట్టీ సున్నమే లోపలికి పోయిందంటావా?" అన్నాడు. కాదని డాక్టరుగారు ఎంత చెప్పినా నమ్మినట్టు లేదు. ఆపరేషన్ చేసి ఆ పొర ఒలిచేశారు.

ఇంకొకతను లారీ డ్రైవరు, 31 ఏళ్ళు. అయోర్టా కవాటానికి మూడు రెక్కలుండాలి, ఇతనికి రెండే. నూటికి ఒకరిద్దరికి ఇలా ఉంటుంది, చాలామందికి తెలియను కూడా తెలియదు. అలాంటివాళ్ళలో కొందరికి కవాటం పైన అయోర్టా ఉబ్బుతుంది. ఎకోకి దాని మొదలు కనపడుతుంది, పైన ఎంత ఉబ్బిందో సీటీ చూపించాలి. అదీ జాగ్రత్తగా కొలవాలి. బెండకాయని ఏటవాలుగా తరిగితే ముక్క పొడుగ్గా వస్తుంది చూడండి, గొట్టాన్ని వంకరగా కోసి కొలిస్తే అలాగే లేని సైజు వస్తుంది. 5.5 సెంటీమీటర్లు వస్తే మామూలుగా ఆపరేషన్ మాట ఎత్తుతారు, కొందరికి ఇంకా ముందే. కాబట్టి మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడా అంటే ఒక మనిషి ఛాతీ తెరవడమా వద్దా అనే తేడా. అతనికి 4.6. ఏడాదికోసారి వస్తున్నాడు. అన్నదమ్ములకీ పిల్లలకీ ఎకో తీయించమన్నారు. తమ్ముడికీ రెండు రెక్కలే ఉన్నాయి.

ఇదంతా చదివి రేపే వచ్చి సీటీ చేయించుకుంటామనకండి. పుట్టినరోజు ఆఫర్లో గుండె సీటీ కలిపి అమ్మే ప్యాకేజీలంటే నాకు ఒళ్ళు మంట. ఏ బాధా లేని పాతికేళ్ళ కుర్రాణ్ణి బల్లెక్కించి అయోడిన్ ఎక్కించడం దేనికి? అక్కకి పడిన రేడియేషన్ డోసు సుమారు 4 మిల్లీసీవర్ట్‌లు, రేడియేషన్ కొలత అది. నేల నుంచీ ఆకాశం నుంచీ మనిషికి ఏడాదికి ఊరికే పడేది ప్రపంచ సగటున 2.4. పెద్ద ప్రమాదం కాదు, అలాగని ఉత్తినే పోగేసుకునేదీ కాదు. కిడ్నీల సంగతి ఉంది, అయోడిన్ మందు పడనివాళ్ళ సంగతి ఉంది. నా మెడలో వేలాడే రేడియేషన్ కొలిచే బ్యాడ్జీని మూడు నెలలకోసారి లెక్క చూడ్డానికి పంపుతారు. మాకే అంత లెక్క ఉన్నప్పుడు మీకు ఉండొద్దా? ఎకో ఏదో అడిగి జవాబు చెప్పలేకపోయినప్పుడు ఆ ప్రశ్న పట్టుకెళ్ళాల్సింది సీటీ దగ్గరికి. మా అక్క విషయంలో ఎకో రెండేళ్ళ ముందే అడిగింది. ఎవరూ వినిపించుకోలేదు.

సర్జన్‌గారు కాయితం మీద బొమ్మ గీసి మా బావకి చెప్పారు. ఊపిరితిత్తిలో శుభ్రపడిన రక్తం ఒంటికి పోకుండా మళ్ళీ ఊపిరితిత్తికే తిరిగిపోతోంది, మామూలుకి రెట్టింపు రక్తం అక్కడే తిరుగుతోంది అని. బావ కాసేపు చూసి, "అంటే మన బోదె తెగి పక్క కాలవలో పడుతోంది. మన చేను ఎండుతోంది, ఆ కాలవ పొర్లుతోంది" అన్నాడు. సర్జన్‌గారు పెన్ను కింద పెట్టేశారు. ఇంతకంటే బాగా తానూ చెప్పలేనన్నారు.

గోడ మధ్యలో ఉండే రంధ్రాలని తొడ నరంలోంచి వెళ్ళి గొడుగులాంటి బిళ్ళతో మూసేయొచ్చు. ఇలాంటి వాటికి ఆ బిళ్ళ కుదరదు. పట్టుకోవడానికి పై అంచు ఉండదు, పైగా దారి తప్పిన సిరని కూడా మళ్ళించాలి. అక్కకి చేసింది వార్డెన్ ఆపరేషన్. 1984లో హెర్బర్ట్ వార్డెన్ అనే సర్జను ప్రచురించిన పద్ధతి. ఎస్.వి.సి.ని ఆ సిర కలిసే చోటుకి పైన కోసి, పై ముక్కని తీసుకెళ్ళి కుడి పై గదికి చెవిలా పొడుచుకొచ్చే సంచికి అతుకుతారు. కింద మిగిలిన మొండేన్ని, దాంట్లో కలిసే సిరతో సహా, పాత రంధ్రంలోంచే ఎడమ గదిలోకి మళ్ళిస్తూ లోపల ప్యాచ్ కుడతారు. రంధ్రాన్నే దారిగా వాడుకుంటారన్నమాట. ఇది విని అక్క, "కొత్త గుడ్డ తేకుండా ఉన్న ముక్కతోనే చంక కలిపినట్టు" అంది. ఎక్కడ కోయాలో, సిరలు ఎన్ని ఎంత ఎత్తులో కలుస్తున్నాయో సర్జన్‌గారు మా బొమ్మలు చూసే ముందుగా అనుకున్నారు. అక్కకి కలిసేవి రెండు. రెండోది చిన్నది, పైన, నేను ఆరేళ్ళ కిందటి లెక్కలో మొదలుపెట్టి ఉంటే అందులో పడేది కాదు.

ఏప్రిల్లో ఆపరేషన్ అయింది. మూడు నెలలు బరువులెత్తొద్దన్నారు, కుట్టు మిషన్ తొక్కొద్దన్నారు. రెండో నెలలోనే హెమ్మింగు చేస్తూ దొరికిపోయింది. అక్టోబరులో ఎకో తీస్తే కుడి గదులు బాగా తగ్గాయి. ఇన్‌హేలర్ ఇంట్లో ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఈ సంక్రాంతికి ముగ్గు మొత్తం తనే వేసింది. మధ్యలో నన్ను పిలిచి, నా మాటే అచ్చం నా గొంతుతో "కదలొద్దు" అని చుక్కల మధ్య నిలబెట్టి, నా చుట్టూ గీత లాగింది.

స్కాను సీడీ అడిగి పట్టుకెళ్ళింది. బీరువాలో పట్టుచీరల కింద, పొలం కాయితాల పక్కన పెట్టింది. పెట్టి చూడ్డానికి ఇంట్లో ఎవరి దగ్గరా డ్రైవు లేదు.